గల్లీకో బీపీ మిషన్

సూరత్ తెలుగు అన్నలారా, అక్కలారా!

ఇచ్ఛాపూర్‌లో ఉండి హజీరా రోడ్డు కంపెనీలకు పోయేవాళ్లం, లింబాయత్‌లో సాంచాలు నడిపేవాళ్లం, మనలో బీపీ, షుగర్ ఎంతమందికి ఉందో మనకే తెలియదు. దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని 2023లో ఐసీఎంఆర్ లెక్క తేల్చింది. అందులో మన గల్లీ లేదనుకుందామా?

కూలివాడు డ్యూటీ మాని ఆస్పత్రి లైన్లో నిలబడితే ఒక రోజు కూలి పోతుంది. అందుకే పోడు. తల తిరిగితే గోలీ, తగ్గితే గోలీ బంద్. ఆయుష్మాన్ కార్డు ఉందిగా అంటారు. అది మంచాన పడి ఆస్పత్రిలో చేరాక పనికొచ్చేది. పడకుండా ఆపే రోజువారీ గోలీ సర్కారు దవాఖానా నుంచే రావాలి.

ఇక డాక్టరంటారా, 2019లో మొదలైన సర్కారు టెలి-వైద్య సేవ ఈ-సంజీవనిలో పైసా ఖర్చు లేకుండా ఫోన్లోనే దొరుకుతాడు. కానీ బీపీ ఎంత అని అడిగితే ఏం చెబుతాం?

ఆ అంకె మనమే సంపాదించాలి. నలుగురు చందా వేస్తే మిషన్ వస్తుంది. జబ్బకు కట్టేదే కొనండి, మణికట్టుది వద్దు. చాయ్, బీడీ అయ్యాక అరగంట ఆగాలి. వీపు ఆనించి, కాళ్లు నేలకు పెట్టి ఐదు నిమిషాలు కూర్చోవాలి. నోరు మెదపకూడదు (మనవాళ్లకు ఇదే కష్టం). రెండుసార్లు చూసి, తేదీ వేసి నోటుబుక్కులో రాయాలి. మళ్లీ మళ్లీ 135/85 దాటుతుంటే డాక్టరుకు ఫోన్ చేయాలి. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, ఛాతీ పట్టేసినా ఆ ఫోన్ కూడా వద్దు, నేరుగా 108కి కొట్టండి. 2005లో హైదరాబాద్‌లో పుట్టిన ఆ బండి ఇక్కడా తిరుగుతోంది.

మిషన్ కొని చేతులు దులుపుకుంటే మాత్రం లాభం లేదు. ఒక అధ్యయనం కోసం పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లిచ్చి, గుండెజబ్బు ముప్పున్నవాళ్లను కనిపెట్టుకుని ఉండమన్నారు. 2019లో ఫలితాలు వచ్చాయి. బీపీ అదుపులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నన్నడిగితే, తెర మీద అంకె ఎర్రగా మెరిసినంత మాత్రాన గోలీ నోట్లోకి పోదు. అది అందాలి, వేసుకున్నావా అని అడిగే మనిషి ఇంటి పక్కనే ఉండాలి.

కాబట్టి ఈ ఆదివారమే కూర్చుని పేర్లు రాద్దాం. మిషన్ ఎవరింట్లో ఉంటుంది? పుస్తకం ఎవరు రాస్తారు? దసరాకు ఊరెళ్లేవాళ్ల సంచిలో నెల గోలీలు ఉన్నాయో లేదో ఎవరు చూస్తారు? హిందీ రాని పెద్దమ్మ పక్కన కూర్చుని డాక్టరుతో ఎవరు మాట్లాడతారు? చెయ్యి ఎత్తండి, పేరు రాసుకుంటాం.