బయటికి పొక్కనివ్వలేదు

తెల్లవాళ్లు ముసలివాళ్లను హోముల్లో పడేస్తారని, మనం మాత్రం కళ్లలో పెట్టుకుని చూసుకుంటామని అమెరికాలో మనం ఎన్నేళ్లుగానో చెప్పుకుంటున్నాం. అన్ని ఇళ్లలోనూ అలా లేదని మనకు తెలుసు. తెలిసే ఊరుకున్నాం.

గుడిలో భోజనాల దగ్గర ఆ పెద్దావిడను చూశాం. పెరుగన్నం ఇంకొంచెం వడ్డించుకోబోయి, కొడుకు నిలబడ్డ వైపు ఒకసారి చూసి, గరిటె గిన్నెలో వదిలేసింది. "బాగున్నారా ఆంటీ" అన్నాం. "బాగానే ఉన్నానమ్మా" అంది. ఆ మాటతో మన బాధ్యత తీరిందనుకున్నాం. ఆవిడ పాస్‌పోర్టు కొడుకు దగ్గరే ఉంటుందనీ, ఊళ్లో పొలం అమ్మిన డబ్బు ఇక్కడి ఇంటి డౌన్‌పేమెంట్‌లో కలిసిపోయిందనీ, సొంత చెల్లెలితోనైనా స్పీకర్ పెట్టే మాట్లాడాలనీ మనలో సగం మందికి తెలుసు.

ఎక్కడికి పోతుంది? కారు నడపలేదు, ఇంగ్లీషు రాదు. గ్రీన్‌కార్డు వచ్చినా, ఇక్కడ ఉద్యోగం చేయని తల్లికి మొదటి అయిదేళ్లు డబ్బు కట్టి మెడికేర్ తీసుకునే వీలు కూడా లేదు. 1996 చట్టం వల్ల చాలా రాష్ట్రాల్లో మెడికెయిడ్‌ కోసమూ అన్నేళ్లు ఆగాల్సిందే. బీపీ మాత్రలు కొడుకు కొనాలి. "నోరెత్తితే ఇండియా పంపించేస్తా" అన్న మాటకు అంత బలం అందుకే వచ్చింది. మన మౌనం దానికి తోడైంది.

గ్రీన్‌కార్డు కోసం, తల్లిని పోషిస్తానని కొడుకు సంతకం పెట్టిన ఐ-864 పత్రం ఉత్త కాగితం కాదు. పోషణ మానేస్తే ఆ తల్లే అతని మీద కోర్టుకెళ్లొచ్చు. పెద్దవాళ్లను హింసిస్తున్నారని చెప్పుకోవడానికి ప్రతి రాష్ట్రంలోనూ అడల్ట్ ప్రొటెక్టివ్ సర్వీసెస్ ఉంది. మన సంఘంలో వీసాల మీద సదస్సులు పెట్టాం, పన్నుల మీద పెట్టాం. ఈ రెండు ముక్కలు ఆ పెద్దవాళ్లకు అర్థమయ్యే తెలుగులో ఒక్కసారీ చెప్పలేదు. చెప్తే ఎవరికి కోపం వస్తుందో మనకు తెలుసు. చందాలిచ్చేది వాళ్లే.

న్యూయార్క్ రాష్ట్రంలో పెద్దవాళ్ల మీద హింస గురించి 2011లో వెలువడిన అధ్యయనం, అధికారుల దాకా వచ్చిన ఒక్కో కేసుకు రానివి దాదాపు 24 ఉన్నాయని తేల్చింది. అది అన్ని జాతులవాళ్లనూ కలిపి వేసిన లెక్క. పరువనీ, పోలీసులనీ, రేపు పిల్లల సంబంధాలనీ మరింత భయపడే మన ఇళ్ల నుంచి ఎన్ని బయటికొచ్చి ఉంటాయి?

అడల్ట్ ప్రొటెక్టివ్ సర్వీసెస్‌కు ఫోన్ చేయడానికి రుజువులు అక్కర్లేదు, అనుమానం ఉంటే చాలు. మనకు ఆ అనుమానం ఎప్పుడో వచ్చింది.