ముప్ఫై సెకన్ల ఓపిక

మన పండుగ కార్యక్రమాల్లో ఈ దృశ్యం మీరందరూ చూసే ఉంటారు. వేదిక మీద ఎవరో పిల్ల ఇత్తడి పళ్ళెం మీద నిలబడి తరంగం చేస్తూ ఉంటుంది. వెనక వరసల్లో కూర్చున్న అమ్మమ్మలకూ తాతయ్యలకూ మాత్రం ఆ పిల్ల కనబడదు. ముందున్న తల్లిదండ్రులందరం లేచి ఫోన్లు ఎత్తి పట్టుకుంటాం కదా! ఒక్క సాయంత్రంలో మూడువందల ఫొటోలు తీసి, కంప్యూటర్లో పోసి, మళ్ళీ వాటి మొహం చూడని వాళ్ళలో నేనూ ఒకణ్ణి. "ఓపిక గురించి రాసే అర్హత మీకెక్కడిది?" అని మా ఆవిడ అడగనే అడిగింది. ఒక పొరపాటు వల్ల వచ్చింది.

2014 దీపావళికి మా నాన్నగారు బాపట్ల నుంచి మిషిగన్‌లోని మా ఇంటికి వచ్చారు. నేను అప్పుడే కొత్తగా డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరా కొన్నాను. వాకిట్లో ప్రమిదల వరస పక్కన ఆయన శాలువా కప్పుకుని కూర్చున్నారు. ఫ్లాష్ వేస్తే దీపాల వెలుగు చచ్చిపోతుందని కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, ఐ.ఎస్.ఓ. 100, ఎఫ్ 8, షట్టరు 4 సెకన్లు అని సరిచేసి, "నాన్నగారూ, కాస్త కదలకండి" అన్నాను. ఇంతలో మా అమ్మాయి "తాతగారూ!" అని పిలిచింది. ఆయన చటుక్కున తిరిగారు.

దీపాలన్నీ స్పష్టంగా వచ్చాయి. ఆయనకు మాత్రం రెండు మొహాలు వచ్చాయి. ఒకటి నా వైపు, ఒకటి మనవరాలి వైపు, రెండూ మసకే. నేను విసుక్కుంటే "పోనీలేరా, ఇంకోటి తియ్యి" అన్నారు. ఆ ఇంకోటి చక్కగా వచ్చింది. ఆయన పోయాక ఫ్రేము కట్టించి గోడకు పెట్టింది దాన్నే. కాని నేను మళ్ళీ మళ్ళీ తీసి చూసుకునేది ఆ పాడయిన ఫొటోని. పిలవగానే పలకడం మా నాన్నగారి స్వభావం. ఆ స్వభావం గోడ మీది ఫొటోలో లేదు.

ఇందులో మంత్రమేమీ లేదు. కుళాయి కింద బిందె పెట్టినట్టే. కుళాయి ఎంత తిప్పామన్నది ఎఫ్ నంబరు, ఎంతసేపు ఉంచామన్నది షట్టరు. ధార సన్నగా ఉంటే ఎక్కువసేపు ఆగాలి. ఆగినంతసేపూ ఎదురుగా జరిగినదంతా ఆ బిందెలో పడుతుంది. 1838లో పారిస్‌లో డాగెర్ ఒక వీధిని ఫొటో తీశాడు. అప్పట్లో ఒక్క బొమ్మకు కొన్ని నిమిషాలు పట్టేది. వీధిలో తిరిగే బళ్ళూ మనుషులూ ఎవరూ అందులో మిగల్లేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ ఒకచోట నిలబడ్డ మనిషి మిగిలాడు!

"ఫోన్లో నైట్ మోడ్ ఉందిగా, ఈ తిప్పలెందుకు?" అంటారు మిత్రులు. అది బోలెడు చిన్న చిన్న ఫొటోలు తీసి, వాటిని కలిపి, కదిలినదాన్ని వీలైనంత సర్దేస్తుంది. ఫొటో బాగానే ఉంటుంది, కాదనను. కాని ఏది ఉంచాలో, ఏది దిద్దాలో అదే తేల్చేస్తుంది. మా నాన్నగారి రెండో మొహాన్ని అది తప్పు కిందే జమకట్టేదేమో.

అందుకని నా మనవి ఇది. పాత కెమెరా ఏ అలమరలోనో మూలుగుతూ ఉంటే బయటికి తీసి, పిల్లలకు మాన్యువల్ మోడ్ ఒక్కసారి నేర్పండి. మబ్బులేని రాత్రి ఊరి దీపాలకు దూరంగా తీసుకువెళ్ళండి. మాకు మాకినా సిటీ దగ్గర హెడ్‌లాండ్స్ పార్కు ఉంది. 2011లో డార్క్ స్కై పార్కుగా గుర్తింపు పొందింది. కెమెరాను ఉత్తరానికి తిప్పి, ముప్ఫై సెకన్ల ఫొటోలు వరసగా గంటసేపు తీసి, కంప్యూటర్లో కలపండి. ప్రతి చుక్కా 15 డిగ్రీల వంపు గీస్తుంది. ధ్రువనక్షత్రం ఒక్కటే దాదాపు ఉన్నచోటే ఉంటుంది. అది మాకినాలో దిక్చక్రానికి సుమారు 46 డిగ్రీల ఎత్తున ఉంటుంది. బాపట్లలో 16 డిగ్రీలే, అంటే తాటిచెట్ల మీదుగా వెతుక్కోవాలి. తాతగారి ఊరు ఎంత దూరమో మా అమ్మాయికి విమానం టిక్కెట్టు కంటే ఆ లెక్కే బాగా అర్థమయింది.

సంఘం పెద్దలకు కూడా ఒక మాట. వచ్చే దీపావళికి హాలు వెనక ఒక ట్రైపాడ్ పెట్టించండి, పిల్లల నాట్యం సంగతి అది చూసుకుంటుంది. మనం కూర్చుందాం. భోజనాలకు ముందు లైట్లు ఒక్క పదినిమిషాలు తగ్గించి, వచ్చిన పెద్దవాళ్ళందరినీ దీపాల దగ్గర తలా నాలుగు సెకన్లు ఫొటో తీద్దాం.

మధ్యలో ఎవరైనా పిలిస్తే వాళ్ళు తిరగవచ్చు. తిరగనివ్వండి. ఆ ఫొటో మాత్రం చెరిపెయ్యకండి.