గర్భసంచి తీసినోళ్లు మందు సంగతి చెప్పలేదు

మన వాడల్లో నలభై ఏళ్లు నిండని ఆడవాళ్లలో గర్భసంచి ఆపరేషన్ అయినోళ్లు ఎంతమందో ఒకసారి లెక్కబెట్టండి. వేళ్లు చాలవు. సర్కారు లెక్క కూడా ఇదే చెబుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవాళ్లు దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు తొమ్మిది మంది, తెలంగాణలో ఎనిమిది మంది. వీళ్లలో సగం మందికి 35 ఏళ్లు నిండకముందే అయిపోయింది. మూడింట రెండు వంతుల ఆపరేషన్లు జరిగింది ప్రైవేటు ఆస్పత్రుల్లోనే.

ఎందుకు జరిగాయి? తెల్లబట్ట అవుతోందని పోయినోళ్లు కొందరు. నడుం నొప్పని, నెత్తురు ఎక్కువ పోతోందని పోయినోళ్లు ఇంకొందరు. మందులతో నయమయ్యే జబ్బుకు కూడా 'తీయించుకోకుంటే కేన్సర్ అవుతుంది' అని బెదిరించి బల్లమీద పడుకోబెట్టారు. నెలకు నాలుగు రోజులు కూలి పోతుందనే భయం మనవాళ్లకు ఎట్లాగూ ఉంది. ఆ భయం మీద వ్యాపారం నడిచింది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన ఇట్లాంటి ఆపరేషన్ల మీద 2013లో పడిన కేసులో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు చెప్పింది. అనవసరపు కోతలను ఆపే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. మంచిదే. మరి ఇప్పటికే కోత పడ్డవాళ్ల సంగతేంటి?

ఇక్కడే మనం గట్టిగా మాట్లాడాలి. గర్భసంచితో పాటు రెండు పక్కలా ఉండే అండాశయాలు కూడా తీసేస్తే, ఒంట్లో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది. యాభై ఏళ్లకు రావాల్సిన ముట్లుడిగే దశ ముప్పై ఏళ్లకే మీదపడుతుంది. ఒంట్లో సెగలు, రాత్రి చెమటలు, నిద్ర పట్టకపోవడం, కీళ్ల నొప్పులు, లోపల పొడిబారి కాపురమే నరకమవడం ఇవన్నీ అందుకే. ఎముకలు తొందరగా గుల్లబారతాయి. గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. నాట్లు వేసే, మూటలు మోసే మనిషికి ఎముక విరిగితే ఇల్లే కూలిపోతుంది. ఇంటోళ్లు మాత్రం 'పని ఎగ్గొట్టడానికి నాటకాలు' అంటున్నారు. ఆర్.ఎం.పి. దగ్గరికి పోతే బలం ఇంజక్షన్ పొడిచి పంపుతున్నాడు.

దీనికి మందు ఉంది. పోయిన హార్మోన్‌ను బయటినుంచి ఇవ్వడమే ఆ మందు. 45 ఏళ్లలోపు అండాశయాలు పోయినవాళ్లకు, వేరే అడ్డంకి లేకపోతే, దాదాపు యాభై ఏళ్ల దాకా ఇది వాడాలని వైద్యశాస్త్రం చెబుతోంది. పట్నంలో డబ్బున్న ఇళ్ల ఆడవాళ్లు ఫోనులోనే స్పెషలిస్టుతో మాట్లాడి తెప్పించుకుంటున్నారు. వాడలో ఆడమనిషికి ఇట్లాంటి మందు ఒకటుందన్న సంగతే తెలియదు.

ఫోను వైద్యం మనకూ ఉంది. ఈ-సంజీవని పేరుతో 2019లో మొదలైంది. ఊరి ఆరోగ్య కేంద్రం నుంచే దూరాన ఉన్న డాక్టరుతో తెరమీద మాట్లాడొచ్చు, పైసా కట్టక్కర్లేదు. కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీ పెట్టుకుని జిల్లా ఆస్పత్రి వరండాలో పడిగాపులు కాసే బాధ కొంత తప్పుతుంది. దీన్ని వాడుకోవాలి. అయితే కళ్లు తెరిచి వాడుకోవాలి.

2020 మార్చిలో కేంద్రం ఫోను వైద్యానికి నియమాలు పెట్టింది. అవి మన చేతిలో ఆయుధాలు. మామూలు నొప్పి బిళ్లల్లాంటివి తప్ప, మొదటిసారి మందు రాయాలంటే మొహాలు కనబడే వీడియో ఉండాలి. డాక్టరు తన పేరు, రిజిస్ట్రేషన్ నంబరు చీటీ మీద వేయాలి. మధ్యలో ఎప్పుడైనా 'చాలు' అని ఆపేసే హక్కు రోగికి ఉంది. 'నేనే ఆస్పత్రికొచ్చి చూపించుకుంటా' అంటే, కాదు ఫోనులోనే అని బలవంతపెట్టడం డాక్టరు తప్పు. ఆ నియమాల్లో ఆర్.ఎం.పి. అంటే రిజిస్టరయిన డాక్టరు. మన ఊరి ఆర్.ఎం.పి. కాదు.

ఏ రూపంలో మందు వాడాలో కూడా అడిగి ఎంచుకోవాలి. రోజూ మింగే బిళ్ల ఉంది. చర్మానికి రాసే జెల్ ఉంది. బిళ్లతో నరాల్లో నెత్తురు గడ్డకట్టే ముప్పు కొంత పెరుగుతుంది. చర్మం మీద రాసేదానికి ఆ ముప్పు తక్కువ. కాని అది ఆరేదాకా ఆగాలి, రాసిన చోటు చంటిపిల్లలకు తగలనీయొద్దు. లోపల రాసే క్రీము ఆ చోటి బాధకే గాని ఎముకలను కాయదు. గర్భసంచి లేనివాళ్లకు మామూలుగా ఈస్ట్రోజన్ ఒక్కటే చాలు. గర్భసంచి ఉన్నవాళ్లకు రెండో హార్మోన్ కూడా కలపాలి, లేకుంటే గర్భసంచి కేన్సర్ ప్రమాదం. రొమ్ము కేన్సర్ వచ్చినవాళ్లకు ఈ మందు ఇవ్వరు. గడ్డ కట్టిన జబ్బు, లివరు జబ్బు ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. అందుకే పక్కింటామె బిళ్లలు మింగొద్దు. బి.పి. చూడటం, రొమ్ము తడిమి చూడటం తెరమీద అయ్యే పని కాదు. దానికి మనిషి చెయ్యి కావాలి. మందు వాడుతుండగా ఒక కాలు వాచినా, ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా ఫోను పక్కనబెట్టి ఆస్పత్రికి పరుగెత్తాలి.

అన్నిటికన్నా ముందు, అండాశయాలు తీశారా లేదా అన్నది తెలియాలి. గర్భసంచి ఒక్కటే తీసి అండాశయాలు ఉంచితే లెక్క వేరు. చాలామందికి తీసిందేంటో చెప్పనేలేదు. ఆపరేషన్ కాగితాలు మూడేళ్లు దాచాలని, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 వైద్య నియమావళి చెబుతోంది. అడగండి. పాతబడి కాగితాలు దొరక్కపోతే స్కానింగు, హార్మోన్ల నెత్తురు పరీక్ష చేయించమని పట్టుబట్టండి.

సర్కారును మేము అడిగేది ఇది. ఊరి ఆరోగ్య కేంద్రంలో తెరముందు కూర్చునే ఆడమనిషికి తలుపున్న గది కావాలి. లోపలి బాధ నలుగురి ముందు, ఊరి పెద్దకులపోళ్లు వింటుండగా ఎట్లా చెబుతుంది? అవతల ఆడ డాక్టరు ఉండాలి. రాసిన మందు అక్కడే ఉచితంగా దొరకాలి. మందు లేని చీటీ ఎందుకు? గర్భసంచి ఆపరేషన్ అయిన ప్రతి ఒక్కరినీ ఆశ, ఏ.ఎన్.ఎం.లు ఇల్లిల్లూ తిరిగి లెక్కగట్టాలి.

సంఘాల్లో పనిచేసే మగవాళ్లకూ ఒక మాట. ఇది 'ఆడోళ్ల గొడవ' అని పక్కన పెట్టకండి. కూలి తల్లులకు ప్రసూతి సాయం ఇవ్వాలన్న బిల్లును బాబాసాహెబ్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో నిలబడి సమర్థించారు. ఆడకూలి ఒంటి సంగతి ఆయనకు రాజకీయమే. మనకు కాకుండా ఎట్లా పోతుంది?

కోసేటప్పుడు మనల్ని అడగలేదు. మందు వాడాలా వద్దా, ఏది వాడాలి, ఎవరి దగ్గర వాడాలి అన్న మాటైనా మన అక్కచెల్లెళ్ల నోటినుంచే రావాలి. వచ్చే వాడ మీటింగులో మొదటి అంశం ఇదే కావాలి. జై భీమ్!