కొండ మీద లెక్క, కొండ కింద పెట్టె

తిరుమలలో స్వామివారికి భక్తులు సమర్పించిన వస్త్రాలను దేవస్థానం లాట్లుగా విభజించి, ముందుగా ప్రకటించి, ఈ-వేలంలో విక్రయిస్తుంది. దేవునికిచ్చిన ఉత్తరీయానికి సైతం లెక్క ఉంది. మరి కొండ కింద, పేదవాని పేరు చెప్పి సేకరించే పాతబట్టలకో?

2023 మే 20 నుండి కేంద్రం పిలుపు మేరకు దేశమంతటా పురపాలక సంస్థలు ‘ఆర్.ఆర్.ఆర్.’ కేంద్రాలు తెరిచి పాతబట్టలు, పుస్తకాలు స్వీకరించాయి. ఉద్దేశం మంచిదే, కాదనేదెవరు? కానీ పెట్టె పెట్టడం ఒకనాటి ఉత్సవం. దాన్ని ఖాళీ చేయడం నిత్యకైంకర్యం.

పైగా దాత దృష్టిలో అది దానమే గాని, బజారు దృష్టిలో సరుకు. పాత ఉన్నిబట్టల నుండి నూలు తీసి దుప్పట్లు నేసే పరిశ్రమ హర్యానాలోని పానిపట్‌లో ఉంది. ధర పలికే వస్తువుకు జవాబుదారీ అక్కరలేదా?

కనుక తిరుపతి, చిత్తూరు నగరపాలక సంస్థలు ప్రతి పెట్టెకూ అనుమతి తప్పనిసరి చేయాలి. పెట్టినవారెవరు, ఎన్నాళ్ళకొకసారి ఖాళీ చేస్తారు, పంచినదెంత, అమ్మినదెంత అన్నవి పెట్టె మీదే తెలుగులో రాయించాలి. బట్టలను వానకు నాననిచ్చినవారి అనుమతి రద్దు చేయాలి.

నియమాలు పెడితే దాతలు వెనుకాడుతారట! హుండీకి తాళం వేసినందుకు కానుకలు ఆగాయా? నిఘా ఉండబట్టే 2023లో పరకామణి చోరీ పట్టుబడింది. లెక్కే లేనిచోట, పోయిందని చెప్పడానికైనా ఆధారమేది?