ఇల్లు కొంటే సరిపోదు

ఉద్యోగ విరమణ తర్వాత ఎండ కోసం ఎన్నో బ్రిటిష్ జంటలు స్పెయిన్‌లో ఇళ్లు కొన్నాయి. 2008 జనవరిలో అల్మెరియా ప్రాంతంలోని వేరాలో అలాంటి వృద్ధ దంపతుల ఇంటిని కూల్చేశారు. స్థానిక పురపాలక సంఘం ఇచ్చిన అనుమతి చెల్లదని ఆ ప్రాంతాన్ని పాలించే ఆండలూసియా ప్రభుత్వం తేల్చింది. రెండు ప్రభుత్వ సంస్థల తగవుకు నమ్మి కొన్నవారిని బలి చేయడం ఘోరం. అందుకే డబ్బు కట్టకముందే ఆ స్థలంలో ఇల్లు కట్టుకోవచ్చో లేదో విచారించాలి. బిల్డర్ కుదిర్చిన లాయర్‌ను కాక, సొంత లాయర్‌ను పెట్టుకోవాలి.

బ్రెగ్జిట్‌తో మరో చిక్కు వచ్చిపడింది. దస్తావేజు చేతిలో ఉన్నా, వీసా లేకపోతే ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండనిస్తారు. 5 లక్షల యూరోల ఆస్తి కొన్నవారికిచ్చే గోల్డెన్ వీసాను 2025 ఏప్రిల్‌లో ఎత్తేశారు. ఇళ్ల ధరలకు తల్లడిల్లుతున్న అక్కడి యువతను తలచుకుంటే అది సబబే.

చాలామంది మాట్లాడుకోవడానికే జంకే ప్రశ్న ఇంకొకటి: ఇద్దరిలో ఒకరు పోతే ఇల్లెవరిది? స్పెయిన్ చట్టం ప్రకారం పిల్లలకు తప్పనిసరి వాటా ఉంటుంది. తమ దేశ చట్టమే వర్తించాలని వీలునామాలో రాసుకునే వెసులుబాటు 2015 నుంచి ఉంది. ఇల్లు కొన్న వారంలోనే ఆ వీలునామా రాయించాలి.