స్వదేశి కన్ను

యుద్ధమున కత్తికంటె ముందు నడువవలసినది కన్ను. శత్రువెచ్చట నున్నాడో యెఱుగని సేన యెంత పెద్దదైనను గ్రుడ్డిదే. పూర్వము వేగులవారును గుఱ్ఱపురౌతులును చేసిన పనిని నేడు మనుష్యుడెక్కని చిన్న విమానములు, అనగా డ్రోనులు, చేయుచున్నవి.

వీనిలో అమెరికావారి స్కాన్‌ఈగిల్ ప్రసిద్ధమైనది. సముద్రముపై ట్యూనా చేపల గుంపులను వెదకుటకై తలపెట్టిన యంత్రమునుండి యిది పుట్టినది. 2004లో అమెరికా మెరీను దళములు దీనిని ఇరాకునందు వాడినవి. రెక్కల నిడివి ఇంచుమించు 3 మీటర్లు. బరువు 20 కిలోల ప్రాంతము. ఆకసమున నిలుకడ 20 గంటలకు పైమాట. దీనికి పరుగుబాట యక్కఱలేదు. ఒడిసెలరాతివలె విసరి పంపుదురు; మరలివచ్చునపుడు వ్రేలాడుత్రాటికి రెక్కకొన తగుల్కొని నిలుచును.

ఇట్టి కన్ను మన హిమాలయపు సరిహద్దున నెంత యవసరమో 2020 జూనులో గల్వానులోయయందు 20 మంది వీరులను కోల్పోయిన మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు. 2021 జనవరిలో మన సైన్యము ఐడియాఫోర్జ్ అను స్వదేశసంస్థకు స్విచ్ అను డ్రోనులకై యుత్తరువిచ్చెను. అవి 2 గంటలు ఎగురగలవు. ఆరంభమునకు మేము సంతసించితిమి.

కాని 2025 ఫిబ్రవరిలో వచ్చిన వార్త మమ్ము కలవరపెట్టినది. సైన్యమునకు సరకులు మోయు 400 డ్రోనుల ఒప్పందములను, వానియందు చైనా భాగములున్న కారణమున, ప్రభుత్వము రద్దుచేసెను. అవి మోతయంత్రములే. చూపుయంత్రముల విషయమున ఇట్టి లోపము మఱింత ప్రమాదకరము. డ్రోను చూచినదానిని రేడియోద్వారా పంపును. ఎవరికి పంపవలెనో లోపలి చిప్పులు నిర్ణయించును. మన కంటికి పొరుగువాడు ఱెప్ప కుట్టినచో, అది యెప్పుడు మూతపడునో యెవరు చెప్పగలరు?

ఖద్దరు ఉద్యమపు దినములలో మిల్లునూలుతో నేసిన గుడ్డను ఖద్దరని యమ్మినవారుండిరి. పొందూరు ఖద్దరును మనము గౌరవించినది పేరు చూచి కాదు, నూలుసైతము చేతితో వడకినదగుటచేత. డ్రోనుకును ఇదియే న్యాయము. పైతొడుగు మనదై, మోటారును చిప్పును పరులవైనచో, అది స్వదేశి యనిపించుకొనదు.

అన్నియు నిచ్చటనే చేసిన వెల హెచ్చునని కొందఱందురు. నిజమే. ఖద్దరును మిల్లుగుడ్డకంటె ప్రియమే. అయినను మన పెద్దలు కొని కట్టిరి. కావున ప్రభుత్వము చేయవలసినవి రెండు. ప్రతిభాగము ఎచ్చట పుట్టినదో ఒప్పందమునందే వ్రాయించి, యంత్రమును విప్పి పరీక్షింపవలెను, కల్లలాడినవారిని శిక్షింపవలెను. మోటారులు, చిప్పులు చేయు మనవారికి ఏటేట ఉత్తరువులిచ్చి నిలుపవలెను. ఉత్తరువు లేని కార్మికశాల నూనె లేని దీపము.

ధనమును అరువు తెచ్చుకొనవచ్చును, ధాన్యమును తెచ్చుకొనవచ్చును. కావలివాని కన్నును మాత్రము అరువు తెచ్చుకొనరాదు.