జేబు ఎక్కడ?

ఫస్టియర్ వర్క్‌షాప్‌కి మాకు ఖాకీ యూనిఫాం ఉండేది. చూడ్డానికి ఏమంత బాగోదు. కానీ దానికి రెండు పెద్ద జేబులు! ఫోను, ఐడీ కార్డు, స్టీల్ స్కేలు, అన్నీ అందులోనే. క్లాసు అయిపోయి కుర్తీలోకి మారితే అవన్నీ మళ్లీ చేతిలోకి వచ్చేవి. అబ్బాయిల ప్యాంటుకి నాలుగు జేబులుంటాయి, మా కుర్తీకి ఒక్కటీ ఉండదు. డిజైన్ చేసినవాళ్లు మర్చిపోయారా, లేక వేసుకునేవాళ్లకి పనేం ఉంటుందిలే అనుకున్నారా?

బట్టల గురించి ఇలాంటి ప్రశ్నే వందేళ్ల కిందట రష్యాలో కొందరు కళాకారులు వేశారు. వాళ్లని కన్‌స్ట్రక్టివిస్టులు అంటారు. 1917 విప్లవం తర్వాత, గోడకి తగిలించే బొమ్మలు చాలు, జనం రోజూ వాడే వస్తువులు తయారుచేద్దాం అన్నారు.

వాళ్లలో వర్వారా స్తెపనోవా 1923లో 'లెఫ్' పత్రికలో దుస్తుల గురించి ఒక వ్యాసం రాశారు. ఆవిడ వాదన సింపుల్: ముందు పని ఏంటో చూడాలి, దాన్ని బట్టే డ్రెస్ రూపం రావాలి. పైపై అలంకారాలు అక్కర్లేదు. కుట్టు, గుండీ దాచక్కర్లేదు, కనబడితేనే అందం. భర్త రోద్చెంకోకి ఆవిడ కుట్టిన వర్క్ సూట్‌కి కూడా పెద్ద పెద్ద జేబులున్నాయి. ఆవిడ తోటి కళాకారిణి ల్యుబోవ్ పోపోవా 1922లో మేయర్‌హోల్డ్ నాటకంలో నటులకి మెరుపుల కాస్ట్యూములు కాకుండా వదులైన నీలం పని దుస్తులు వేయించారు.

తర్వాత ఇద్దరూ మాస్కోలోని ఒక ప్రభుత్వ బట్టల ప్రింటింగ్ ఫ్యాక్టరీలో చేరారు. పూల డిజైన్లు పక్కనపెట్టి స్కేలు, కంపాస్‌తో వృత్తాలు, చారలు గీశారు. 1924లో పోపోవా స్కార్లెట్ ఫీవర్‌తో చనిపోయారు. అప్పటికి ఆవిడకి 35 ఏళ్లే. వాళ్ల ప్రింట్లు కొన్ని నిజంగానే తయారయ్యాయి. కానీ పనివాళ్ల కోసం ఊహించిన దుస్తులు మాత్రం చాలావరకు కాగితం దాటలేదు. ఆనాటి రష్యాలో డబ్బుకీ సరుకుకీ ఉన్న కటకట అందుకు ఒక పెద్ద కారణం.

నాకు మాత్రం ఇంకో లోపం కూడా కనిపిస్తుంది. యూజర్‌ని అడక్కుండా రిక్వైర్‌మెంట్స్ రాసేస్తే ఏమవుతుందో మన మినీ ప్రాజెక్టుల్లో చూస్తూనే ఉన్నాం. వీళ్లూ పనిని బాగా చూశారు గానీ, పనిచేసే మనిషి ఇష్టాన్ని అంతగా పట్టించుకోలేదు. పూలంటే పాతకాలపు అభిరుచి అని తీసేశారు. రోజంతా మెషీన్ దగ్గర నిలబడే అమ్మాయికి పూల గౌను ఇష్టమైతే తప్పేంటి? నాకైతే జేబూ కావాలి, పువ్వులూ కావాలి.

అయినా స్తెపనోవా వేసిన ప్రశ్నని వదులుకోకూడదు. ఈ బట్ట వేసుకుని మనిషి ఏం చేస్తుంది? ఇది అడగకుండా కుట్టిన డ్రెస్ ఎంత అందంగా ఉన్నా సగం డిజైనే. "బ్యాగ్ ఉంది కదా" అంటారు. మరి అబ్బాయిలకీ బ్యాగ్ ఉంది కదా!

మొన్న మా టైలర్ అంకుల్‌ని కుర్తీకి జేబు పెడతారా అని అడిగా. "ముందే చెప్తే పెట్టేవాణ్ని కదమ్మా, ఎవరూ అడగరు" అన్నాడు. ఇన్నేళ్లూ ఆయనా నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈసారి క్లాత్ ఇచ్చేటప్పుడు మీరూ చెప్పి చూడండి.